అడుగు నుంచి రెండోది

కొత్త సంగతులకు ఆ రోజుల్లో కాళ్లు నొప్పులు కాబోలు, నింపాదిగా వచ్చేవి. ఓడెక్కి బయల్దేరిన వైద్య పత్రిక పటమట చేరేసరికి దాని మీద వేసిన నెల ఎప్పుడో దాటిపోయేది. డెబ్భైలలో అక్కడ ఒక చిన్న నర్సింగ్ హోములో గుమాస్తాగా చేరాను. అంతకుముందు మూడేళ్లు వన్ టౌన్‌లో పసుపు గోడౌన్‌లో పని. ఎనిమిదితో చదువు ఆగినా లెక్కలు సొంతంగా నేర్చుకున్నవాణ్ణి కాబట్టి, లోకంలో ఏ పనినైనా లెక్కతో చక్కదిద్దవచ్చని నా నమ్మకం (ఇప్పుడు కొంచెం తగ్గింది). "పుస్తకాలొస్తే కవరు చించి బల్ల మీద పెట్టు బాబూ, పైనున్నది తీసి చదువుకుంటా" అన్నారు డాక్టరమ్మగారు. చూస్తే, కొత్తవి పైన పడుతూ, పాతవి అడుగున ఎవరూ ముట్టక చెదలు పట్టిపోతున్నాయి. గోడౌన్‌లో అయితే ఇది నేరం. పాత బస్తా ముందు బయటికి పోవాలి. దొంతర తిరగేసి పాతవి పైకీ, కొత్తవి అడుక్కీ సర్దాను. నెలకు నాలుగు వచ్చేవి, ఆవిడ చదవగలిగేవి మూడు. రెండేళ్లకు ఇరవై నాలుగు మిగిలాయి, అంటే ఆవిడ ఆర్నెల్ల కిందటివి చదువుతున్నారన్నమాట. ఈ లెక్క నేనే వేశాను. దాని అర్థమేమిటని మాత్రం ఆలోచించలేదు. "ఒక్కటీ వృథా పోవట్లేదండీ" అంటే ఆవిడా సంతోషించారు.

ఆ వానాకాలం విరేచనాలతో పిల్లలు తెగ వచ్చారు. డాక్టర్ల నెలవారీ సమావేశంలో ఆవిడ మాట్లాడుతుంటే నేను సంచీ పట్టుకుని వెనక నిలబడ్డాను. ఒంట్లో నీరు పోయిన పిల్లలకు సెలైన్ ఎక్కించడమొక్కటే దారి అన్నారావిడ. ఇబ్రహీంపట్నం నుంచి వచ్చిన ఒక కుర్ర డాక్టరు లేచాడు. "ఏమనుకోకండి మేడమ్. తాగగలిగిన పిల్లలకి ఉప్పూ పంచదారా కొలతగా కలిపిన నీళ్లు పట్టించినా చాలంటున్నారండీ. మీరు తెప్పించే పత్రికలోనే, మే నెల సంచికలో వచ్చింది." ఆవిడ "నేనింకా చూళ్లేదు బాబూ" అని కూర్చున్నారు.

తిరిగొచ్చేసరికి వార్డులో ఉన్న రెండు సెలైన్ స్టాండ్లకూ ఇద్దరు పిల్లలున్నారు. మూడోవాడు వరండాలో తల్లి ఒళ్లో కళ్లు లోపలికి పోయి ఉన్నాడు.

"ఆ పత్రిక మన దగ్గరుందా?" అనడిగారు డాక్టరమ్మగారు.

"ఉందండీ. అడుగు నుంచి రెండోది." నా గొంతులో గర్వమే పలికింది.

"అడుగునెందుకుంది?"

"కొత్తది కదండీ. వరస రావాలిగా."

పెద్ద సిస్టరు నా వైపు చూసింది. "ఆ బిడ్డని కూడా వరసొచ్చేదాకా ఆగమని చెప్పనా?"

డాక్టరమ్మగారు నిలబడే చదివారు. వరండాలోకి వెళ్లి, పిల్లవాడి నోట్లో చెంచాతో నీళ్లు పోయించి, మింగుతున్నాడని చూసుకున్నారు. కొలత ప్రకారం సిస్టరు చేత నీళ్లు కలిపించారు. "లెక్కలంటే ఇష్టం కదా. ప్రతి చెంచా రాయి. ఒక్కటి తప్పినా నువ్వు మళ్లీ పసుపు కొట్టుకే." తల్లి పట్టిస్తుంటే, నేను వరండాలో గొంతుక్కూర్చుని గీతలు గీశాను. కక్కింది కూడా రాశాను. రెండు వందల పన్నెండో చెంచా దగ్గర, సాయంత్రం, వాడు నా కాగితం మీదే ఉచ్చ పోశాడు. ఉలిక్కిపడి లేస్తుంటే సిస్టరు మొదటిసారి నన్ను చూసి నవ్వింది. "రాసుకోవయ్యా. మేం పొద్దుట్నుంచీ చూస్తోంది దానికోసమే."

మర్నాడు డాక్టరమ్మగారే దొంతర తిరగేశారు. నన్ను మాత్రం ఉంచారు.

బుద్ధి వచ్చిందనే అనుకున్నాను. కానీ ఇప్పటికీ నాలుగు రోజులు ఊరెళ్లి వస్తే, గుమ్మంలో పడున్న పేపర్లన్నీ వరసగా చదివాకే ఆ రోజుది విప్పుతాను. "ఇవాళ కరెంటు తీసేస్తారట, పేపర్లో వేశారుగా, చూళ్లేదా?" అంటుంది మా ఆవిడ, ఆగిపోయిన ఫ్యాను కింద. చూడలేదు. నేనింకా మంగళవారంలోనే ఉన్నాను.