ఈశాన్య మూల గూటం

మా డ్రాయింగు సారు పోయారని ఆయన కూతురు హిందూపురం నుంచి ఫోను చేసినప్పుడు నేను పెనుకొండలో మా ఇంట్లో దేవుడి ముందు దీపం సర్దుతున్నాను. "అక్కా, నాయన పోయినాడు. నిద్రలోనే," అంది. తర్వాత తనే, "మనసులో బరువు లేకుండా పోయినాడక్కా, అంతే చాలు," అంది. ఆ మాట ఎందుకు అందో నాకు తెలుసు. అది మీకూ చెప్పాలనిపించింది.

హిందూపురంలో ఒక సైకిలు షాపు పైగదిలో సారు ఇళ్ల ప్లాన్లు గీసేవారు. పిల్లలు బడికి పోవడం మొదలుపెట్టాక నేను పని వెతుక్కుంటూ ఆ మెట్లెక్కాను. నా చదువు పదో తరగతి. సారు దాని గురించి అడగలేదు. "రోజూ బస్సులో రాగలవా? గీతను ఓపిగ్గా చెరిపి మళ్ళా గీయగలవా?" అని అడిగారు. చాలా ఏళ్ళు ఆయన దగ్గరే పనిచేశాను. కంప్యూటరులో ప్లాన్లు గీసే క్యాడ్ కూడా ఆయనే నేర్పారు.

ఎవరైనా మగవాళ్ళు ఇంటి ప్లాను కోసం వస్తే, వంటింటి దగ్గరికి వచ్చేసరికి సారు పెన్సిలు పక్కన పెట్టేసేవారు. "పొయ్యి ముందర నిలబడేది నువ్వు కాదు కదప్పా. నిలబడే ఆయమ్మను పిల్చుకోనిరా," అనేవారు. చొక్కా జేబులో ఎప్పుడూ వేయించిన శనక్కాయలు ఉండేవి. పొట్టు కీబోర్డులో పడితే దాన్ని తిరగేసి తట్టి, అక్కడ పనిచేసే మమ్మల్ని చూసి తప్పు మాదన్నట్టు తల ఊపేవారు.

మా వైపు ఇల్లు మొదలుపెట్టేటప్పుడు ఈశాన్య మూలలో పూజ చేసి చెక్క మేకు ఒకటి కొడతారు. దాన్ని గూటం అంటాం. కొలతలన్నీ అక్కడినుంచే పట్టుకుంటారు. సారు కంప్యూటరులో గీసే బొమ్మ కూడా అక్కడినుంచే మొదలయ్యేది. ఆ మూలను సున్నాగా పెట్టుకుని, గుర్తుకు చిన్న గుండ్రం గీసేవారు. ఎన్ని అంతస్తులున్నా ప్రతి బొమ్మలోనూ అదే మూల, అదే గుండ్రం. ఆయన మానిటరు కుడివైపు పై మూలలో, అంటే బొమ్మకు ఈశాన్యంలో, పసుపు చుక్క కూడా ఉండేది. కంప్యూటరుకు పసుపేందని ఒకాయన నవ్వితే, "దానికి కాదప్పా, నాకు. గోడకు సిగ్గుండదు, యాడ గీస్తే ఆడ నిలబడతాది. మొదలు యాడో మనమే గుర్తు పెట్టుకోవల్ల," అన్నారు.

చూపు తగ్గాక సారు ఆఫీసు మూసేశారు. తను గీసిన బొమ్మలన్నీ నా దగ్గర పెట్టారు. నేను పెనుకొండలోనే, బెంగుళూరు వాళ్ళకు పనిచేసే చిన్న ఆఫీసులో చేరాను. అక్కడి పని వేరు. క్యాడ్‌లో గోడంటే రెండు గీతలు. ఇప్పుడు వచ్చిన బిమ్‌లో గోడను గోడలాగే, దాని ఎత్తు, మందం, దేనితో కట్టిందీ అన్నీ తెలిసేలా కంప్యూటరులో నిలబెట్టాలి. అలా నిలబెట్టినదాన్ని మోడల్ అంటాం. పాత కట్టడమైతే దాని క్యాడ్ బొమ్మలను అంతస్తుల వారీగా మోడల్‌లో పరిచి, వాటి మీద గోడలూ పిల్లర్లూ లేపుతాం.

అలా మా దగ్గరికి ధర్మవరంలోని ఒక మగ్గాల హాలు వచ్చింది. కింద వరసగా గుంత మగ్గాలు, నేలలో తవ్విన గుంతల్లో కాళ్ళు పెట్టి కూర్చుని ఆడవాళ్ళు పట్టు నేస్తారు. పైన పట్టునూలు పెట్టుకునే గదులు. దానిమీద ఇంకో అంతస్తు వేయాలనుకున్నారు. ఆ హాలు గీసింది సారే. కాగితాల్లో ఆ హాలు పేరు చూడగానే దేవుడికి దండం పెట్టుకుని, సంతోషంగా ఆ బొమ్మలు పంపించాను.

బెంగుళూరు ఆఫీసులో వాటిని మోడల్‌లో పరిచారు. తర్వాత అక్కడి ఇంజనీరు ఫోను చేశాడు. మర్యాదస్తుడు, మెల్లగానే చెప్పాడు. ఇప్పుడున్న పై అంతస్తు పిల్లర్లు కింది పిల్లర్ల మీద కూర్చోవడం లేదట. అన్నీ మూరెడు పక్కకు ఉన్నాయట. కట్టింది ఈ బొమ్మల ప్రకారమే అయితే కింద మనుషులు కూర్చోవడం మంచిది కాదు, హాలు ఖాళీ చేయించి చూడాలన్నాడు. నేను మోడల్ తెరిచి చూశాను. అతను చెప్పినట్టే ఉంది.

ఈ మాట హాలుకు చేరింది. సారు దగ్గర పనిచేసినప్పటి నుంచి నన్నెరిగిన ఒకామె అక్కడ నేస్తుంది, ఆమె నాకు ఫోను చేసింది. "ఏమక్కా, మా గుంతలు పూడుస్తారంటనే? మగ్గం దించితే మళ్ళా ఎక్కించేదెప్పుడో. మీ సారు గట్టిగా కట్టించినాడనే కదా ఈడ కూర్చోనుండేది," అంది.

ఆ వారం సారును చూడ్డానికి హిందూపురం పోయాను. అప్పటికే మంచం మీద ఉన్నారు. ఎప్పుడు పోయినా అడిగేదే అడిగారు. "ఇప్పుడేం గీస్తాండావమ్మా?" ఆయన దగ్గర దాచడం నాకు చేతకాలేదు. అంతా విని చాలాసేపు పైకప్పు వైపు చూశారు. "పొద్దస్తమానం ఆడోళ్ళు కూర్చోనుంటారు కదమ్మా దాని కింద," అన్నారు. గిన్నెలో కూతురు దంచి పెట్టిన శనక్కాయలు ముట్టలేదు. తర్వాత అన్నం కూడా సరిగ్గా తినడం లేదని ఆ అమ్మాయి చెప్పింది. రోజూ దీపం పెట్టేటప్పుడు నేను ఒకటే కోరుకున్నాను. ఈ తప్పు నిజం కాకూడదు, నిజమైనా ఈయన దీన్ని మోసుకుని పోకూడదు.

కొద్దిరోజులకు, నాయన రమ్మంటున్నాడని ఆ అమ్మాయే ఫోను చేసింది. పోయి మంచం పక్కన కూర్చున్నాను.

"గూటం యాడుండాదమ్మా?" అన్నారు.

"ఏ గూటం సార్?"

"కింది బొమ్మలో గూటం, పై బొమ్మలో గూటం. రెండూ ఒకదానిమీద ఒకటి ఉండాయా? అదొక్కటి చూసినావా?"

నేను చూసిన మోడల్‌లో గుండ్రాలే లేవు. పెనుకొండకు తిరిగి వస్తుంటే, బస్సు సోమందేపల్లి దాటేలోపు నాకు సంగతి తట్టింది. పాత బొమ్మలు మోడల్‌లో పెట్టేముందు అక్కర్లేని గీతలు తీసేస్తారు. ఆ చిన్న గుండ్రం ఏమిటో తెలియక దాన్నీ తీసేసి ఉంటారు. గుర్తు లేకపోయేసరికి కింది బొమ్మ మధ్యకు పై బొమ్మ మధ్యను కలిపి పెట్టి ఉంటారు. పై అంతస్తుకు పడమర రోడ్డు వైపు బాల్కనీ ఉంది, కింద లేదు. పై బొమ్మ వెడల్పు ఎక్కువ. రెండింటి నడిమి చోటూ ఒకటెలా అవుతుంది?

ఆఫీసుకు పోయి సారు ఇచ్చిన అసలు బొమ్మలు తెరిచాను. రెండింట్లోనూ గుండ్రాలున్నాయి. ఈసారి సున్నాకు సున్నా కలిపాను. పై అంతస్తు మూరెడు పడమరకు జరిగి, పిల్లరు మీద పిల్లరు కూర్చుంది. మెట్లు కూడా కలిశాయి. నేను కుర్చీలోనే కళ్ళు మూసుకుని దండం పెట్టుకున్నాను.

ఇంజనీరు పొరపాటు తమదేనని ఒప్పుకున్నాడు. అయినా నమ్మకం కోసం ధర్మవరం వచ్చి, కిందా పైనా గార చెక్కించి పిల్లర్లు కొలిచాడు. మోడల్‌కూ కట్టడానికీ తేడా లేదు. హాలు ఖాళీ చేయనక్కర్లేదని ఆ ఆడవాళ్ళ ముందే చెప్పి పోయాడు.

నేను నేరుగా హిందూపురం పోయాను. "సార్, కూర్చుంది," అన్నాను.

"పిల్లర్లన్నీనా?"

"అన్నీ సార్. ఇంజనీరు గార చెక్కి మరీ చూసినాడు."

కూతురి వైపు తిరిగి, "రోన్ని శనక్కాయలు ఇయ్యి," అన్నారు.

"పళ్ళు లేనోనికి శనక్కాయలేంది నాయనా?"

"నమల్ను లే. చప్పరిస్తా."

నవ్వుతూ ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుంది. నేను సారును చూడటం అదే ఆఖరు.

ఆయన పోయిన కబురు చెప్పడానికి ధర్మవరం పోయాను. ఒక్కో మగ్గమే ఆగింది. ఎవరూ పెద్దగా ఏడవలేదు. నాకు ఫోను చేసిన ఆమె మగ్గం ఈశాన్య మూల పిల్లరు పక్కనే ఉంది. కాసేపటికి ఆమే ముందు మగ్గం మీద చెయ్యి కదిపింది, తర్వాత తక్కినవాళ్ళు. బయటికి వస్తూ ఆ పిల్లరు వైపు చూశాను. దాని మీద పసుపు చుక్క ఉంది. నిలబడ్డ మనిషి పెట్టే ఎత్తులో లేదు. చాలా కిందికి, మగ్గం గుంతలో కూర్చుని చెయ్యి చాపితే అందేంత ఎత్తులో ఉంది.