మైల శాసనం కింద నా పేరు

2023 ఎండాకాలం. జనగామలో నేను బోర్డులు రాయబట్టి అప్పటికి యాభై ఏళ్లు. ఫ్లెక్సీలు వచ్చాక చేతిరాత అడిగేవాళ్లే లేరు. అలాంటి రోజుల్లో మొగుళ్లపల్లి నుంచి సునీత వెతుక్కుంటూ వచ్చింది. పట్నంలో బొమ్మల చదువు చదివిన పిల్ల. రోడ్డు వైపున్న తమ ఇంటి గోడ మీద పాత ధర్మశాస్త్రం తీరులోనే ఫోన్‌కు శాసనాలు రాయాలట. దాన్ని కాన్సెప్చువల్ ఆర్ట్ అంటారట; బొమ్మ కంటే దాని వెనక ఆలోచనే అసలు పని. నేను ఐదో తరగతి దాటలేదు గానీ, ఆ మాట అర్థం కావడానికి బడి అక్కర్లేదు.

గోడకు ప్రైమర్, అంటే అస్తరు రంగు, పట్టించి సుద్దతాడుతో వరసలు కొట్టాను. మొదటి శాసనం: 'కంటితో చూడనిదాన్ని పదిమందికి పంపరాదు.' రెండోది: 'అడగకుండా తీసిన ఆడపిల్ల ఫోటో మైల. దాన్ని పంపినవాడు తలస్నానం చేయనిదే గడప తొక్కరాదు.'

అదెవరి గురించో ఊరికి తెలుసు. సునీత చెల్లెలు స్నానం చేస్తుండగా తీసిన ఫోటో ఊరి వాట్సాప్ గ్రూపులో తిరిగింది. పంపింది ఊరి పెద్దమనిషి అల్లుడు. అతను దర్జాగా తిరుగుతున్నాడు. ఆ పిల్ల మాత్రం కాలేజీ మాని తలుపేసుకుంది.

సాయంత్రం పెద్దమనిషి వచ్చాడు. శాస్త్రాన్ని ఎగతాళి చేస్తున్నామట. ఆ ఒక్క వరస మీద సున్నం కొట్టమన్నాడు.

"పటేలా, మీ గుడిల శ్లోకాలు రాసింది నేనే. నేను నిచ్చెన దిగంగనే నిలవడ్డ జాగ నీళ్లు వోసి కడిగిండ్రు. గప్పుడు మైల నాకంటింది. గిప్పుడు జర మీ అల్లునికి అంటనియ్యి."

"ముసలోడా, రేపటిసంది నీకు ఈ మండలంల పని దొరకది."

"ఇయ్యాల మాత్రం ఎవలిస్తున్నరు?"

అతని కోపం సునీత మీదికి మళ్లింది. ఇది రాయించిన దాని మీద కేసు పెడతానన్నాడు.

ధర్మం మాట రాసినచోట పెయింటర్ తన పేరు పెట్టుకోడు. అది మా పనిలో ఆచారం. నేనూ ఏనాడూ తప్పలేదు. ఆ రోజు మాత్రం ఎర్ర ఎనామెల్ తీసి, శాసనాల కింద బెత్తెడు అక్షరాలతో 'రాసినవాడు: పెయింటర్ ఎల్లయ్య, జనగామ' అని రాశాను. కేసంటూ పెడితే ముందు నా మీద పెట్టమన్నాను. అతను తిట్టుకుంటూ పోయాడు. కేసు మాత్రం రాలేదు.

ఆ సాయంత్రం అతను అటు పోగానే ఇంటి తలుపు తెరుచుకుంది. చెల్లెలు బయటికి వచ్చి రెండో శాసనం పైకే చదివింది.

"తాతా, వానకు పోతదా?"

"పోతే మళ్ల రాస్త, బిడ్డా."

శాసనం రాసే కుంచె ఎవరి చేతిలో ఉంటే, మైల ఎప్పుడూ అవతలివాళ్లదే. యాభై ఏళ్లు ఆ కుంచె పట్టుకొని కూడా వాళ్లు చెప్పింది రాశానే తప్ప, అది నా చేతిలోనే ఉందని అనుకోలేదు. ఇప్పుడు ఏటా మొగుళ్లపల్లి పోయి ఆ వరసకు రంగేసి వస్తున్నాను. కింద నా పేరుకు కూడా.