బాతుకాళ్ళ మనుషులు

నా చిన్నప్పుడు కొల్లేరు పొంగిందంటే మా ఊరికి జనం వచ్చేవారు. మాది ముదినేపల్లి దాటాక కాస్త మెరక మీద ఉన్న వరిచేల ఊరు. లంకల్లో ఇళ్ళు మునిగినవాళ్ళు దోనెల్లోనూ ట్రాక్టర్లలోనూ వచ్చి, నీరు తీసేదాకా మా స్కూల్లోనో చర్చి ఆవరణలోనో ఉండేవారు. సెల్‌ఫోన్లు ఊరికి ఒకటీ అరా ఉన్న రోజులు కాబట్టి, ఎవరు వస్తున్నారో వాళ్ళు వచ్చాకే తెలిసేది.

నేను మూడో తరగతి చదివే ఏడాది స్కూలూ చర్చీ కూడా నిండిపోయి, ఒక కుటుంబం మా గొడ్లసావిట్లోకి వచ్చింది. చేపలు పట్టుకు బతికే భార్యాభర్తలు, ఒక ముసలి మామ్మ, నా ఈడు పిల్ల. వాళ్ళ ఇల్లూ వలలూ నీళ్ళపాలయ్యాయి. దక్కించుకున్నదల్లా ఒక బాతుల మంద.

ఆ బాతులతోనే తంటా వచ్చింది. మా మొదటి నాట్లు ముంపులో కుళ్ళిపోతే, నాన్న మెరక చేలో మళ్ళీ నారు పోశాడు. మొలక ఇంకా పచ్చబడనైనా లేదు, బాతులు దిగి ఒక మూలంతా ఖాళీ చేసేశాయి. నాన్న కోపం వచ్చినా గొంతు పెంచే మనిషి కాదు. సావిడి ముందు నిలబడి, "ఏమనుకోకండి. రేపటికల్లా ఆ బాతుల్ని ఎక్కడికైనా తోలేయండి. ఈ నారు కూడా పోతే మాకు తిండిగింజలు ఉండవు" అన్నాడు.

ఆయన అన్నదీ న్యాయమే. కానీ తోలడానికి చుట్టూ నీళ్ళే తప్ప చోటేదీ? కైకలూరు తీసుకెళ్ళి వచ్చిన ధరకి అమ్ముకోవడమొక్కటే దారి. అవి కూడా పోతే, నీరు తీశాక ఆ ఇంటివాళ్ళు దేన్ని చూసుకుని బతకాలి? ఆ పిల్ల ఏడవలేదు, బాతుల మధ్యకెళ్ళి కూర్చుంది. నేను మాత్రం పూర్తిగా నాన్న పక్షం. మా సావిట్లో ఉంటూ మా నారే తినిపిస్తారా అని మూతి బిగించుకుని తిరిగాను.

ఆ సాయంత్రం ప్రార్థనా, భోజనాలూ అయ్యాక, మా తాతయ్య నన్ను అరుగు మీద కూర్చోబెట్టుకుని కథ ఎత్తుకున్నాడు. రాజులు ఏలే కాలంలో కొల్లేటి ఒడ్డున రెండు జాతుల మనుషులు ఉండేవారట. మట్టి మనుషులకు భూమి లోపలి మాట వినిపించేది. ఏ విత్తనానికి దాహమేసినా వాళ్ళకు తెలిసిపోయేది. నీటి మనుషులకు బాతులకున్నట్టు కాలివేళ్ళ మధ్య పొర ఉండేది. నీళ్ళ మీద పరుగెత్తేవారు. ఉన్న నేల ఒక్కటే. ఎండలకు వాళ్ళకది చేను, వానలకు వీళ్ళకది చెరువు. ఒకరు గట్టు వేస్తే ఇంకొకరు తెగ్గొట్టేవారు. చివరికి వరీ లేదు, చేపా లేదు, రెండు జాతులకూ పస్తులే. అలాంటప్పుడు వరదలో కొట్టుకొచ్చిన నీటి పిల్లనొకదాన్ని ఒక మట్టి అవ్వ తెచ్చుకుని పెంచింది. అటు దారి తప్పిన మట్టి పిల్లాణ్ణి ఒక నీటి అవ్వ తన దోనెలో దాచుకుంది. ఆ సంగతి బయటపడ్డాక, ఏ గట్టు వెనక ఎవరి బిడ్డ పడుకుందో తెలియక మళ్ళీ ఎవరూ పలుగు ఎత్తలేదట.

"ఆ నీటి మనుషులు ఇంకా ఉన్నారంటారమ్మడూ. మన సావిట్లో ఉన్నది వాళ్ళేనేమో, కాళ్ళు చూస్తే తెలిసిపోతుంది. నాకు చూపు ఆనదు, నువ్వెళ్ళి చూసిరా" అన్నాడు తాతయ్య, మొహంలోకి నవ్వు రానివ్వకుండా.

తెల్లారగానే వెళ్ళాను. ఆ పిల్ల నారుమడి పక్కన పంటబోదెలో బాతుల్ని వదిలి, కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని కూర్చుంది. ఇటు నుంచి వంగి చూశాను, అటు నుంచి వంగి చూశాను. తీరా చూస్తే తనూ మెడ వంచి నా కాళ్ళనే చూస్తోంది.

"నీ కాలొకసారి ఎత్తి చూపించవా?" అంది. "మీ గట్టు మీదోళ్ళకి అరికాళ్ళ కింద వరిదుబ్బుకున్నట్టు పీచుంటదంట. మా మామ్మ చెప్పింది."

నాకు పౌరుషం వచ్చింది. గట్టు మీద కూలబడి కాళ్ళు చాపాను. తనూ నీళ్ళలోంచి తీసి పక్కనే చాపింది. పీచూ లేదు, పొరా లేదు. రోజుల తరబడి బురదలో నానినందుకు ఇద్దరి వేళ్ళ సందులూ తెల్లగా పగిలి ఉన్నాయి, అంతే. వాళ్ళమ్మ ఆముదంలో పసుపు కలిపి రాస్తుందట. మా అమ్మ రాసేదీ అదే. మంట పుట్టినప్పుడు ఎవరు ఎలా ఎగురుతారో ఒకరికొకరం చేసి చూపించుకుని పడీపడీ నవ్వాం.

ఆ నవ్వుల్లో మేముండగా బాతులు నారుమడి వైపు నడిచాయి. ఇద్దరం పరుగెత్తి చేతులు బార్లా చాపి అడ్డం నిలబడ్డాం. దూరం నుంచి నాన్నకు బాతులే కనిపించాయి గానీ నేను కనిపించలేదు. కర్ర పట్టుకుని వచ్చి విసరబోయి, ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఆగిపోయాడు. కర్రకూ బాతులకూ మధ్య నేనున్నాను.

"మేమిద్దరం కాపలా ఉంటాం నాన్నా. వాటిని పంపించొద్దు" అన్నాను.

నాన్న చెయ్యి దించాడు. ఒక్క మొలక పోయినా ఊరుకోనని చెప్పి, చేతిలో కర్ర ఆ పిల్లకిచ్చి వెళ్ళిపోయాడు. నీరు తీసేదాకా మాకు బడీ అదే, ఆటా అదే. నారు నిలిచింది, మంద నిలిచింది. వాళ్ళు లంకకు వెళ్ళిపోయిన రోజు నేను అన్నం తినలేదు.

తాతయ్య పోయిన చాలా ఏళ్ళకు అమ్మ ఒక మాట చెప్పింది. నాన్న కోప్పడి వెళ్ళిన ఆ మధ్యాహ్నం, తాతయ్యా ఆ మామ్మా సావిట్లో చుట్టలు కాల్చుకుంటూ చాలాసేపు మంతనాలాడి, మా పిల్లలిద్దరినీ చూసి నవ్వుకున్నారట. రాజుల కాలం నాటిదని నేను నమ్మిన కథ ఆ పూట పుట్టిందన్నమాట. అది విని ఆ ముసలివాళ్ళిద్దరి మీదా ఎంత ప్రేమ పొంగిందో చెప్పలేను.

ఇప్పుడు నేను వట్లూరులో పంతులమ్మను. క్లాసులో పిల్లలు జట్లుగా విడిపోయి, అవతలివాళ్ళు అలాంటివాళ్ళండీ, ఇలాంటివాళ్ళండీ అని చాడీలు మోసుకొస్తే నేను తగువు తీర్చను. అలాగా, అయితే దగ్గరకెళ్ళి సరిగ్గా చూసొచ్చి చెప్పు అంటాను. వెళ్ళిన పిల్లల్లో చాలామంది చెప్పడానికి తిరిగి రారు.