మొండితోక మీద పగ

మా ఆయన రేకుల పని చేస్తాడు. ఇంటి ముందుగదే దుకాణం. పెట్టెలు, బాల్చీలు, గరాటులు ఏవి చేసినా అతుకులన్నీ సీసం కరిగించి మాటు వేసి, దీపం ముందు పెట్టి చూస్తాడు. సూదిమొనంత వెలుగు కనిపించినా పని మళ్ళీ మొదటికి వస్తుంది. ఒకసారి ఎవరో బాల్చీ కారుతోందన్నారని వాళ్ళింటికే వెళ్ళి, దాని నిండా నీళ్ళు పోయించి, పొద్దుగూకేదాకా పక్కనే కూర్చున్నాడు. చుక్క కారలేదు. అయినా వాళ్ళతో ఈనాటికీ మాటల్లేవు. ఆయన పగ పట్టాడంటే ఉడుంపట్టే.

అలాంటి మనిషి పెరట్లో పిచ్చుకల జంట దగ్గర మాత్రం వెన్నలా కరిగిపోయేవాడు. బట్టల క్లిప్పుల బుట్టలో అవి గూడు పెట్టాయి. నేను క్లిప్పు తీసుకోబోతే కసిరాడు.

"ముట్టుకోకే! బాలింత ఉంది లోపల."

నా రెండు కాన్పుల్లోనూ ఈయనగారి హడావుడి ఇంత చూడలేదు. అది వేరే సంగతి.

పిచ్చుక పిల్లలు కళ్ళు తెరిచీ తెరవకముందే వీధిలో తిరిగే గండుపిల్లి గోడ మీంచి దూకి బుట్ట బోర్లించింది. తోక సగం తెగిపోయిందని దాన్ని అందరం మొండితోక అంటాం. మేం పరిగెత్తుకెళ్ళేసరికి చెదిరిన గూడే మిగిలింది. తల్లిపిచ్చుక బట్టల తీగ మీద అటూ ఇటూ గెంతుతూ ఒకటే ఏడుపు. మా ఆయన పళ్ళు పటపటా కొరికాడు.

"దీని అంతు చూడకపోతే నా పేరు మార్చుకుంటా!"

"పిల్లితో పంతం ఏంటండీ? ఈసారి గూడు దానికి అందకుండా చూస్తే సరి."

"నువ్వూరుకో. అది రావాలి. పిట్టలు కళ్ళెదురుగా కనిపిస్తుంటే ఏమీ చెయ్యలేక ఏడవాలి. నేను కుర్చీ వేసుకుని చూడాలి."

ఇదీ శపథం.

దుకాణం పని పక్కన పడేసి, కొత్త రేకుతో పెట్టె చేశాడు. ముందువైపు పిచ్చుక దూరేంత కన్నం, అందులో పిల్లి తల పట్టదు. మూత పెడితే పిల్లి లేపేస్తుందని, మూతే లేకుండా అన్ని వైపులా మాటు వేసేశాడు. దీపం పెట్టి చూసి, అతుకుల్లో ఎక్కడా వెలుగు రాలేదని మురిసిపోయాడు. గోడ మీంచి దూకినా అందకుండా పెరటి నడుమ ఇనుప గొట్టం పాతి, దాని మీద పెట్టె బిగించి, గొట్టానికి గ్రీజు పూశాడు. పిచ్చుకలు నమ్మి వచ్చాయి. గడ్డీ గాదం మోసుకుని గుడ్లు పెట్టి, పిల్లల్ని చేశాయి.

మొండితోక రానే వచ్చింది. గొట్టం ఎక్కబోయి జర్రున జారి చతికిలబడింది. మా ఆయన లేచి చప్పట్లు కొట్టాడు.

"ఎక్కరా, ఎక్కు! తింటావా పిల్లల్ని? రా!"

మర్నాడూ అదే తంతు. అన్నం తినడం కూడా పెరటి గుమ్మంలోనే. చూపు పిల్లి మీంచి కదిలితే ఒట్టు.

ఈలోగా ఎండలు ముదిరాయి. ఒక మధ్యాహ్నం పిచ్చుకలు రెండూ పెట్టె మీద వాలకుండా, తీగ మీదే నోళ్ళు తెరుచుకుని రొప్పుతున్నాయి.

"ఏవండీ, అవి లోపలికి పోవడం లేదు. పిల్లల చప్పుడూ లేదు."

"పిల్లి ఉంది కదే, భయం."

"మీ పంతం మండా! ఒక్కసారి పెట్టె ముట్టుకుని చూడండి."

విసుక్కుంటూ వెళ్ళి చెయ్యి వేశాడు. చురుక్కుమని వెనక్కి లాక్కున్నాడు. తెరుద్దామంటే మూత లేదాయె! రేకు కత్తెర కోసం దుకాణంలోకి పరుగెత్తాడు. చేతులు కాలుతున్నా కత్తిరించాడు. లోపల పిల్లలన్నీ వాలిపోయి ఉన్నాయి. ఒక్కదానికే కొన ఊపిరి ఉంది.

నాకు ఒళ్ళు మండిపోయింది.

"పిల్లి అయితే ఒక్క దెబ్బకు చంపేది. మీరు ఉడకబెట్టి చంపారు" అన్నాను. అనకూడని మాటే, అనేశాను.

బతికినదాన్ని అట్టపెట్టెలో గడ్డి వేసి, పిల్లికి అందకుండా వసారా చూరుకు వేలాడదీశాను. తల్లి వచ్చి మేత పెట్టింది. పిల్ల కోలుకుంది.

మొండితోక ఇప్పటికీ గోడ మీదికి వస్తుంది. దాన్ని చూడగానే తల్లిపిచ్చుక రెక్కలు విదిలించి, గొంతు చించుకుని అరుస్తుంది. మా ఆయన పెరట్లో అడుగు పెట్టినా అదే అరుపు, పిల్లిని చూసి అరిచే అరుపే. అందుకే రోజూ గింజల డబ్బా నా చేతికిచ్చి, తను గది లోపలే నిలబడతాడు.

"నువ్వెళ్ళి వెయ్యవే. నన్ను చూస్తే జడుసుకుంటుంది" అంటాడు.