గాజులు తొడిగే చెయ్యి, బలం కొలిచే గేజ్

2023 వానాకాలం మాట. దిల్‌సుఖ్‌నగర్‌లో మెయిన్ రోడ్డు నుంచి లోపలికి తిరిగే ఒక గల్లీలో, రెండో అంతస్తులో మా ఫిజియోథెరపీ క్లినిక్. కింద కోచింగ్ సెంటరు, పైన మేము. కింద పిల్లలు తలలు పట్టుకుని కూర్చుంటే, పైన మా రోగులు నడుములూ మోకాళ్ళూ పట్టుకుని కూర్చునేవాళ్ళు. నా వంతు చేతులు. విరిగి అతికినవి, బిగుసుకుపోయినవి, తిమ్మిరెక్కినవి అన్నీ నా బల్ల దగ్గరికే వస్తాయి.

ఆ ఏడాదే మా క్లినిక్ కొత్త గ్రిప్ డైనమోమీటర్ కొన్నది. పేరు పెద్దదే గానీ పని చిన్నది. పిడికిలి బలం కొలిచే గేజ్ అది. సైకిల్ బ్రేకును పట్టుకున్నట్టు హ్యాండిల్‌ని పట్టుకుని నొక్కితే, ఎన్ని కిలోల బలం పడిందో చెబుతుంది. పాతదానికి గడియారంలాంటి డయలూ, ఎర్ర ముల్లూ ఉండేవి. కొత్తది వైర్‌లెస్. రోగి చేతిలో గేజ్ ఒక్కటే ఉంటుంది, అంకె మాత్రం బ్లూటూత్ మీద నా ట్యాబ్లెట్‌లో పడుతుంది. రోగికి అంకె కనిపిస్తే దానితో పోటీ పడి నొక్కుతాడు, లేదా చూసి దిగులు పడతాడు. కనిపించకపోతేనే అసలు బలం తెలుస్తుందని కంపెనీ కుర్రాడు వచ్చి చెప్పి వెళ్ళాడు.

కొత్త మిషన్లతో నాకు మొదట్నుంచీ పడదు. మొదటి రోజు ట్యాబ్లెట్ మా గేజ్‌ని వదిలేసి కింద కోచింగ్ సెంటరు వాళ్ళ స్పీకర్‌ని చూపించింది. పొరపాటున నొక్కానంటే నా రోగుల అంకెలతోపాటు వాళ్ళ లెక్కల పాఠమూ కలిసిపోయేదేమో. ఎలాగో జత కుదిరింది. తర్వాత గేజ్‌ని ఎవరూ ముట్టుకోకుండా బల్ల మీద పెట్టి సున్నా చెయ్యాలి. చేతిలో పట్టుకుని సున్నా చేస్తే ఆ పట్టు కూడా లెక్కలోంచి పోతుంది. హ్యాండిల్‌కి అయిదు మెట్లున్నాయి. అరచేతి కొలతను బట్టి దగ్గరికో దూరానికో జరుపుకోవచ్చు. మామూలుగా రెండో మెట్టులో పెట్టి, మోచెయ్యి వంచి, మూడుసార్లు నొక్కించి సగటు తీస్తాం. ఇవన్నీ వంటబట్టేసరికి నాకు వారం పట్టింది.

సరిగ్గా అప్పుడు వచ్చింది అండాలమ్మ. ఇల్లు సరూర్‌నగర్. దిల్‌సుఖ్‌నగర్ బజారులో భర్త మల్లేశంతో కలిసి గాజుల కొట్టు నడుపుతుంది. యాభై దాటిన బక్కపల్చని మనిషి. ఇంట్లోకి వాన నీళ్ళొస్తే ఎత్తిపోస్తూ జారిపడింది. కుడి మణికట్టు విరిగింది. కట్టు విప్పాక ఎముక చక్కగా అతికిందని తేలింది గానీ, వేళ్ళు వాచి, పిడికిలి బిగియక నా దగ్గరికి వచ్చింది.

కొట్టు నడిచేది ఆమె చేతి మీదే. మల్లేశం గాజులు అందిస్తాడు, డబ్బులు తీసుకుంటాడు. ఆడవాళ్ళు చెయ్యి ఇచ్చేది మాత్రం ఆమెకే. బిగువుగా ఎక్కితేనే గాజుకు అందం. ఆ బిగువు గాజుని పిడికిలి ఎముకలు దాటించి, చిట్లకుండా, నొప్పి తెలియకుండా మణికట్టుకు చేర్చడం ఆమె విద్య. పైగా ఒక మాట ఇచ్చి ఉంది. తను పెళ్ళి గాజులు తొడిగిన ఒక అమ్మాయి ఇప్పుడు కడుపుతో ఉంది. శ్రీమంతం గాజులు కూడా అండాలమ్మే తొడగాలని ఆ పిల్ల పట్టుబట్టింది. ఆ ఇంటి పెద్దవాళ్ళకు మాత్రం అనుమానం. విరిగిన చెయ్యి, శుభమా అని నసుగుతూ మాట్లాడి వెళ్ళారట.

"గాజు చిట్లితే మొకం మీద ఎవ్వరేమనరు మేడం," అంది అండాలమ్మ. "మల్ల మా కొట్టు మెట్లెక్కరు, గంతే."

వారాలు గడిచాయి. వేడి మైనంలో చెయ్యి ముంచే వ్యాక్స్ బాత్, మెత్తని పుట్టీ ముద్దని పిసకడం, వేళ్ళు ఒక్కొక్కటీ వంచడం అన్నీ చెప్పింది చెప్పినట్టు చేసింది. వాపు తగ్గింది. మణికట్టు బాగానే తిరుగుతోంది. గేజ్ దగ్గరికొచ్చేసరికి మాత్రం ఎక్కడి గొంగళి అక్కడే. మొదటి వారం ఏడు కిలోలు, తర్వాతా ఏడే, ఆ తర్వాతా ఏడే. నాకు మిషన్ మీద అనుమానం వచ్చి మళ్ళీ సున్నా చేశాను, ఛార్జింగ్ పెట్టాను, నేను నొక్కి చూశాను. నాకు సరిగ్గానే చూపిస్తోంది. ఎడమ చేతికి పదకొండు వచ్చింది. మనిషే సన్నం కదా, బలం కూడా అంతేనేమో అనుకున్నాను.

ఎల్బీ నగర్‌లో ఆమెకు వైద్యం చేసిన ఎముకల డాక్టరుగారికి ఈ ఏడు కిలోల అంకె నచ్చలేదు. నరాల పరీక్ష చేయిస్తే అటూ ఇటూ కాకుండా వచ్చింది. మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయి ఉండొచ్చనీ, బలం పెరగకపోతే ఆపరేషన్ చేసి తెరిచి చూడక తప్పదనీ ఆయన ఫోన్లో చెప్పారు. శుక్రవారం రీడింగ్ చూసి నిర్ణయిద్దాం అన్నారు. ఆయన తొందరపడే మనిషి కాదు. అందుకే నాకు మరీ బెంగ వేసింది. ఆపరేషన్ అయితే శ్రీమంతం సంగతి పక్కన పెట్టండి, ఆ చెయ్యి మళ్ళీ అంత సున్నితమైన పనికి ఎప్పుడొస్తుందో నేను చెప్పలేను.

గురువారం అండాలమ్మ, మల్లేశం ఇద్దరూ వచ్చారు. మిగతావాళ్ళు వెళ్ళేదాకా కూర్చున్నారు. తర్వాత ఆమె సంచిలోంచి కాగితంలో చుట్టిన ఆకుపచ్చ గాజులు తీసింది. మా పనిలో గాజులు రోగులకు తగులుతాయని నేను వేసుకోను. పైగా నాది మా నాన్నగారి చెయ్యి, వెడల్పు. కృష్ణా జిల్లాలో మా అమ్మమ్మ "ఈ చేతికి గాజులు కాదే, బండి చక్రాలు కావాలి" అనేది. అవి చిన్నవి, నాకు ఎక్కవని చెప్పాను.

"రేపు కొయ్యాలె అంటరేమో. కోసినంక ఈ చెయ్యి ఎట్లుంటదో ఎవరికెర్క," అంది ఆమె. "ఇన్ని దినాలు నా చెయ్యి నువ్వు పట్టినవు బిడ్డా. ఒక్కపారి నీ చెయ్యి నాకియ్యి. నీ చేతికైతే చిట్లినా నువ్వు ఏమనుకోవు."

మేడం పోయి బిడ్డా అయ్యాక కాదనలేకపోయాను. చెయ్యి ఇచ్చాను. ఎడమ చేత్తో గాజు పట్టుకుంది. విరిగి అతికిన కుడి చెయ్యి నా అరచేతి కింద నుంచి వచ్చి, బొటనవేలిని లోపలికి మడిచి, పిడికిలి ఎముకలన్నిటినీ దగ్గరికి లాగి నొక్కింది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎముక మీద ఎముక ఎక్కినట్టయింది. గాజు జారి మణికట్టు మీద పడింది. రెండోది పడింది. మూడోది పిడికిలి దగ్గర ఆగితే, ఆమె చటుక్కున వదిలేసి, నా చేతిని కాస్త పక్కకు తిప్పి, మళ్ళీ నొక్కింది. అదీ పడింది. ఒక్కటీ చిట్లలేదు.

నేను గాజులు చూడటం లేదు. నా అరచేతి మీద పడ్డ ఎర్రని వేలి గుర్తులు చూస్తున్నాను. ఏడు కిలోల పట్టు ఇలా ఉండదు. ఎన్నో చేతులు పట్టుకున్నదాన్ని, ఆ మాత్రం నాకు తెలుసు.

వెంటనే గేజ్ తీసి ఆమెను కూర్చోబెట్టాను. ఈసారి అయిదు మెట్లలోనూ కొలిచాను. నిజంగా బలమంతా పెట్టి నొక్కితే మధ్య మెట్లలో అంకె పెరిగి, రెండు చివరలా తగ్గుతుంది. ఆ అంకెల్ని కలిపితే ట్యాబ్లెట్‌లో గీత గుట్టలా వస్తుంది. చెయ్యి బలహీనమైనదైనా గుట్ట చిన్నదవుతుందేగాని గుట్టే వస్తుంది. ఆమె గీత నేల మీద పరిచిన చాపలా చదునుగా వచ్చింది. ఎడమ చేతికీ చదునే. ఎన్నడూ విరగని చెయ్యికి కూడా అలా వచ్చిందంటే నరం సంగతి కాదు. ఆమె పూర్తి బలం పెట్టడం లేదు.

నొప్పిగా ఉందా అని అడిగాను. లేదంది. భయమా అంటే అదీ లేదంది. మరెందుకు గట్టిగా నొక్కడం లేదని అడిగితే ఆమె మొహం చిన్నబోయింది.

"గట్టిగనే పట్టిన గద బిడ్డా. నొక్కిన, అది ఆగింది. ఆగినంక ఇంక ఒత్తుతరా? ఆగినంక ఒత్తితే పగులుతది."

ఆ మాట అర్థం కావడానికి నాకు కొంచెం సేపు పట్టింది. ఈ గేజ్ హ్యాండిల్ కదలదు. కదలని దాన్ని ఎంత బలంగా నొక్కుతారో చూడటమే దాని పని. ఆమె విద్యలో మొదటి నియమం దానికి సరిగ్గా ఎదురు. గాజు ఆగిన చోట బలం ఆపెయ్యాలి. చేతిని సర్దుకోవాలి, మళ్ళీ మొదలుపెట్టాలి. ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ చెయ్యి అదే నేర్చుకుంది. నేను "గట్టిగా" అన్నప్పుడల్లా ఆమె నొక్కింది, గేజ్ ఆగింది, ఆమె బుద్ధిగా ఆపేసింది. పాత గేజ్ అయితే ముల్లు పైకి వెళ్ళడం చూసి ఇంకా నొక్కాలని తెలిసేది. కొత్తదానిలో ఆ ముల్లు కూడా లేదాయె.

నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. నవ్వే ముందు వచ్చింది.

మల్లేశాన్ని పిలిచి గేజ్ చేతికిచ్చి, శక్తికొద్దీ పిసకమన్నాను. ఆయన మొహం ఎర్రబడేలా పిసికాడు. గేజ్ చెక్కుచెదరలేదు. నేనూ పిసికాను. ఇది గాజు కాదని, ఆగిన తర్వాతే దీని పని మొదలవుతుందని, ఒకవేళ పగిలితే పూచీ నాదని చెప్పాను. పరీక్షప్పుడు అంకె చూపించకూడదు గానీ, ముందు అలవాటు కావాలని ట్యాబ్లెట్ ఆమె వైపు తిప్పాను. ఆమె మెల్లగా నొక్కింది. ఏడు దగ్గర ఆగింది. నా మొహం చూసింది. ఇంకా నొక్కమని తలూపాను. ఎనిమిది, పది, పన్నెండు. అంకె మారినప్పుడల్లా, ఎవరైనా తిడతారేమో అన్నట్టు ఆమె తలుపు వైపు చూస్తోంది.

కాసేపు విశ్రాంతి ఇచ్చి, ట్యాబ్లెట్ తిప్పేసి పద్ధతి ప్రకారం కొలిచాను. కుడి చేతికి పదిహేను. ఎడమ చేతికి ఇరవై మూడు. అయిదు మెట్ల గీతా గుట్టలా వచ్చింది. విరిగిన చెయ్యి తక్కువగానే ఉంది గానీ, మూడు నెలల కిందట విరిగి అతుక్కున్న మణికట్టుకు ఎంత తక్కువ ఉండాలో అంతే ఉంది. వాళ్ళకి అంకె చెప్పగానే మల్లేశం కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు. ఎన్ని రోజుల నుంచి ఆ మనిషి ఊపిరి బిగబట్టుకుని ఉన్నాడో నాకప్పుడు తెలిసింది.

శుక్రవారం పొద్దున్నే రెండు గీతలూ డాక్టరుగారికి పంపి, సంగతి చెప్పాను. ఆయన చాలాసేపు నవ్వి, తర్వాత, "నేనూ రాత్రంతా ఆలోచించానమ్మా, ఆ చెయ్యి కొయ్యడానికి నాకు మనసొప్పలేదు," అన్నారు. వ్యాయామాలు కొనసాగించమనీ, నరాల పరీక్ష ఇంకోసారి చేద్దామనీ అన్నారు. ఆ పరీక్ష తర్వాత మామూలుగానే వచ్చింది.

అండాలమ్మకు మాత్రం కొత్త దిగులు పట్టుకుంది. ఇన్నేళ్ళూ ఆగిన చోట ఆగడం నేర్చుకున్న చేతికి నేను ఆగకుండా పిసకడం అలవాటు చేశాననీ, రేపు కడుపుతో ఉన్న పిల్ల చెయ్యి పట్టుకున్నప్పుడు ఆ అలవాటు ముందుకొస్తే ఎట్లా అనీ. నేను ధైర్యం చెప్పాను. పైకి చెప్పానేగాని లోపల నాకూ బెరుగ్గానే ఉండేది.

శ్రీమంతం రోజు మధ్యాహ్నం మల్లేశం ఫోన్ చేశాడు. వెనక ఆడవాళ్ళ మాటలు, నవ్వులు. "రెండు చేతులకు నిండుగ ఏసింది మేడం. ఒక్కటి గూడ చిట్లలే," అన్నాడు. ఫోన్ ఆమె అందుకుంది.

"బిడ్డా, ఆగాల్సిన కాడ ఆగింది నా చెయ్యి," అంది. అంతే చెప్పి ఫోన్ మళ్ళీ భర్తకిచ్చేసింది. తొడగాల్సిన చేతులు ఇంకా చాలా ఉన్నాయట.

నేను వ్యాక్స్ బాత్ పక్కన స్టూలు మీద కూలబడ్డాను. నా రోగి మణికట్టు పట్టీ సర్దుకుంటూ, ఏమైందని అడిగాడు. ఏం లేదు, మంచి వార్తే అన్నాను. హాయిగా అనిపించింది. ఆ హాయి సాయంత్రం దాకా తగ్గలేదు.

గేజ్ మంచిదే. అది ఆరోజూ అబద్ధం చెప్పలేదు, చేతిలో ఎంత పడిందో అంతే చూపించింది. ఇప్పుడు దాన్ని సున్నా చేశాక, రోగి చేతికి ఇచ్చే ముందు, ఏం పని చేస్తారని అడుగుతాను. ఆ పనిలో మీ చెయ్యి ఎక్కడ ఆగుతుందని అడుగుతాను. చాలామంది ఇదేం ప్రశ్న అన్నట్టు చూస్తారు. తర్వాత, కంసాలి అయితే కంసాలి, దర్జీ అయితే దర్జీ, గాలిలోనే చెయ్యి చాపి చూపిస్తారు. అది చూశాకే గేజ్ చేతికిస్తాను.