తోకలోంచి మూడు దెబ్బలు

నా రెండు చేతుల మీద ఒట్టు. ఇన్నేళ్ళుగా నాకు అన్నం పెడుతున్నవి ఈ చేతులే. వీటి మీద అబద్ధపు ఒట్టు వేసే ధైర్యం నాకు లేదు. ఇది జరిగింది... నాకే జరిగింది. ఆ రాత్రి నేను తాగి లేను. జ్వరం లేదు. దెయ్యాల కబుర్లు చెప్పే అలవాటు అసలే లేదు. దోహాలో ఫరీజ్ బిన్ మహమూద్ పేటలో నా గదిలో ఉండేవాళ్ళని అడగండి. అందరూ భయం సినిమా చూస్తుంటే మధ్యలో లేచి బట్టలు ఉతుక్కునే మనిషిని నేను.

నా పేరు సత్యనారాయణ. మాది తణుకు దగ్గర పల్లెటూరు. మన వాయుసేనలో ఇరవై ఏళ్ళు విమానాల రేకు పని చేసి బయటికొచ్చాను. విమానం ఒంటికి అల్యూమినియం రేకులు ఉంటాయి కదా... వాటిని రివెట్లు కొట్టి అతకడం, పగుళ్ళు చూడడం, పాత రేకు తీసి కొత్తది వేయడం. అదే పని మీద ఖతర్ వచ్చాను.

దోహా దాటి ఉత్తరంగా గంట ప్రయాణం చేస్తే ఎడారిలో ఒక చిన్న రన్‌వే, దాని పక్కన ఒక పెద్ద షెడ్డు. అందులో ఒక పాత శిక్షణ జెట్ ఉండేది. రెండు సీట్లది. ఏదో దేశపు వాయుసేన ఎప్పుడో పక్కన పెట్టేసిన విమానం. దాన్ని వేలంలో కొన్నది ఇక్కడి ముసలాయన, రిటైరైన పైలట్. మేమంతా కెప్టెన్ సాబ్ అనేవాళ్ళం. కుర్రతనంలో అలాంటి విమానం మీదే ఎగరడం నేర్చుకున్నాడట. చచ్చేలోపు ఒక్కసారి దాన్ని మళ్ళీ గాల్లోకి లేపాలని ఆయన కోరిక.

సొంత డబ్బు ఇంజను దగ్గరే అయిపోయింది. అప్పుడు జనాన్ని అడుగుదామన్నాడు. ఇక్కడ అనుమతి లేకుండా పది రియాళ్ళు కూడా వసూలు చేయకూడదు. నెలల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగి కాగితాలు తెచ్చుకున్నాడు. ఇంటర్నెట్‌లో పేజీ పెట్టారు. నేను అనుకోలేదు గానీ... జనం ఇచ్చారు. నర్సులు, టీచర్లు, టాక్సీ డ్రైవర్లు. ఒక స్కూలు పిల్లలైతే కేకులు అమ్మి పంపించారు. విమానం మళ్ళీ ఎగరడం చూడాలని. అంతే.

నాతో పనిచేసే ఖాజా కూడా యాభై రియాళ్ళు ఇచ్చాడు. నీకెందుకురా, పిల్లలకి పంపుకోక, అన్నాను.

"మనం బాగుచేసింది ఆకాశంల తిరుగుతదంటే, దాంట్ల మనది గూడ ఇంత ఉండాలె గదన్నా," అన్నాడు.

ఖాజాది నిజామాబాద్ దగ్గర చిన్న ఊరు. సన్నగా, పొట్టిగా ఉండేవాడు. అందుకే విమానం తోకలోకి వాడే దూరేవాడు. నా ఒళ్ళు ఆ సందులో పట్టదు. రివెట్ కొట్టడానికి ఇద్దరు కావాలి. బయట నుంచి ఒకడు గాలితో నడిచే రివెట్ గన్‌తో కొడతాడు. లోపల ఒకడు ఇనుప దిమ్మ ఆనించి పట్టుకుంటాడు. ఒకరికొకరు కనపడరు. గన్ మోతలో మాట వినపడదు. అందుకని లోపలివాడు దిమ్మతో రేకు మీద తట్టి చెబుతాడు. ఒక్క దెబ్బ అంటే, ఇంకాస్త కొట్టు. రెండు దెబ్బలు అంటే, బాగుంది. మూడు దెబ్బలు అంటే... చెడిపోయింది, తీసెయ్. అన్ని దేశాల వాళ్ళకీ తెలిసిన భాష అది.

ఆగస్టు నెల. షెడ్డులో పెద్ద ఫ్యాన్లు ఉన్నాయి గానీ తోకలో గాలి ఆడదు. ఖాజా లోపల ఒక స్పాంజి ముక్క వేసుకుని దాని మీద పడుకుని పని చేసేవాడు. బయటికి వస్తే చొక్కా పిండితే నీళ్ళు కారేవి. ఎగిరే తేదీ ఖాయమైంది, నేనే తొందరపెడుతున్నాను. ఒకరోజు సాయంత్రం ఛాతీ బరువుగా ఉందన్నాడు. పనివాళ్ళుండే క్యాంపుకి వెళ్ళి పడుకున్నాడు. పొద్దున లేవలేదు.

ముప్పై ఏడేళ్ళు. సహజ మరణం అని రాశారు. పెట్టె వాళ్ళ ఊరికి వెళ్ళిపోయింది.

పని మాత్రం ఆగలేదు. ఇంకొకణ్ణి పెట్టి మిగతా రివెట్లు పూర్తిచేశాం. సెప్టెంబరు ఆఖరికి రంగు తప్ప అన్నీ అయిపోయాయి. శుక్రవారం సాయంత్రం ఎగరాలి. డబ్బిచ్చిన వాళ్ళందరినీ పిలిచారు. షామియానాలు కూడా కట్టారు.

మంగళవారం రాత్రి నేనొక్కణ్ణే ఉన్నాను. తోక మీద రివెట్ల తలలకు అడుగు పూతగా వేసే పసుపు ప్రైమర్ అద్దాలి. అద్దే ముందు ఒక్కొక్కదాన్నీ చిన్న ప్లాస్టిక్ సుత్తితో తట్టి చూడడం నా అలవాటు. వదులుగా ఉంటే చప్పుడు తేడాగా వస్తుంది.

ఫ్యాన్లు కట్టేశాను. గాలికి దుమ్ము లేచి తడి రంగు మీద పడుతుందని. కంప్రెసర్ ఆపేశాను. ట్యూబ్‌లైట్ల గీమన్న చప్పుడు తప్ప ఇంకేం లేదు. సెక్యూరిటీ గార్డు గేటు దగ్గర క్యాబిన్‌లో ఉన్నాడు. నేపాలీ. అక్కడినుంచి షెడ్డుకి రెండు వందల అడుగులు ఉంటుంది.

తట్టాను. అద్దాను. తట్టాను. అద్దాను...

మొదటి వరస అయింది. రెండో వరసలో సగానికి వచ్చాను. తట్టాను.

లోపల్నుంచి... టక్, టక్.

నేను పట్టించుకోలేదు. రాత్రి చల్లబడితే రేకు ముడుచుకుంటుంది. పాత విమానాలు రాత్రిపూట అలా టిక్కు టిక్కుమంటాయి. వాయుసేనలో ఎన్ని రాత్రులు విన్నానో. పక్క రివెట్ తట్టాను.

టక్, టక్.

ఆ పక్కది. టక్, టక్.

చెయ్యి ఆపాను. కొంచెంసేపు అలాగే నిలబడ్డాను. ఏమీ లేదు... లైట్ల చప్పుడే. మనసులో లెక్కపెట్టాను. ఇరవై... ముప్పై... యాభై. నిశ్శబ్దం. నేనే నవ్వుకున్నాను. మళ్ళీ తట్టాను.

టక్, టక్.

అది రేకు ముడుచుకునే చప్పుడు కాదు. అది ఇనుము, రేకుకి తగిలే చప్పుడు. ఆ తేడా నాకు తెలుసు. నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

"అందర్ కౌన్ హై?" అన్నాను, లోపల ఎవరని. నా గొంతు నాకే వేరేవాడిదిలా వినిపించింది.

పారిపోవాల్సింది కదా. నేనూ అదే అనుకుంటాను. కానీ ఒక విషయం చెప్పనా... అప్పటికి నాకు భయం వేయలేదు. ఎంతో అలవాటైన పనిలా ఉంది. నేను తట్టడం, లోపల్నుంచి బాగుందని చెప్పడం. ఎన్ని నెలలు అలా చేశాం. చెయ్యి తనంతట తానే పక్క రివెట్‌కి వెళ్ళింది. తట్టాను. రెండు. తట్టాను. రెండు. నిలువు రెక్క మొదలు దగ్గరికి వచ్చాను. రెక్క బరువంతా మోసే చట్రం ఆ రేకు వెనకే ఉంటుంది.

తట్టాను.

టక్... టక్... టక్.

అప్పుడు... అప్పుడు వేసింది భయం. మళ్ళీ తట్టాను, ఎందుకో తెలీదు. మూడు. ఈసారి నెమ్మదిగా, ఒక్కొక్కటి విడివిడిగా... వినని వాడికి చెప్పినట్టు.

సుత్తి వదిలేసి గేటు దాకా పరిగెత్తాను. గార్డుని వెంటబెట్టుకుని వచ్చాను. అతని ముందు తట్టాను. ఏమీ రాలేదు. పదిసార్లు తట్టాను. ఏమీ లేదు. తోక కింద మూత తీసి లోపలికి టార్చి వేశాం. ఖాళీ. ఖాజా స్పాంజి ముక్క మాత్రం అక్కడే ఉంది. దాన్ని బయటికి తీయడం ఎవరికీ గుర్తు లేదు. చెయ్యి చాచి ముట్టుకున్నాను. మధ్యలో నొక్కుకుపోయి ఉంది. వేడిగా ఉంది.

సెప్టెంబరులో ఇక్కడ ఏది వేడిగా ఉండదు? గార్డు అదే అన్నాడు. పిల్లి ఏదో దూరి ఉంటుందన్నాడు. షెడ్డు చుట్టూ పిల్లులు చాలా ఉన్న మాట నిజమే. అతను వెళ్ళిపోయాడు.

నేను డ్రిల్లు తీశాను.

ఎందుకు తీశానంటే చెప్పలేను. మూడు దెబ్బలు వింటే తీసెయ్యాలి. నా చేతులకి తెలిసింది అదే. రివెట్ తల తొలిచేశాను. సన్నని ఉలి పెట్టి, మిగిలిన ముక్కని లోపలికి కొట్టాను. ఆ ముక్క లోపల రేకు మీద పడాలి. ఖణ్ మనాలి. అంత నిశ్శబ్దంలో గుండుసూది పడ్డా వినిపిస్తుంది...

చప్పుడు రాలేదు.

చెవి రేకుకి ఆనించి నిలబడ్డాను. ఎంతసేపు నిలబడ్డానో తెలీదు. పడలేదు ఆ ముక్క. ఎవరో అరచెయ్యి పట్టినట్టు...

ఇంక అక్కడ ఉండలేకపోయాను. గార్డు క్యాబిన్‌లో కుర్చీలో తెల్లారేదాకా కూర్చున్నాను.

తెల్లారాక ఇంకో బాధ. విమానంలో విడిగా ఒక్క ముక్క మిగిలినా ఎగరనివ్వకూడదు. అది దొర్లి కంట్రోల్ తీగల్లో ఇరుక్కుంటే మనిషి ప్రాణం పోతుంది. కానీ ఆ సంగతి తెలిసింది నాకొక్కడికే. ఆ కన్నంలో కొత్త రివెట్ కొట్టేసి ఊరుకోవచ్చు. చెబితే తోక అంతా విప్పాలి. శుక్రవారం పోతుంది. నా ఉద్యోగం కూడా పోవచ్చు. స్కూలు పిల్లలు జెండాలు తయారుచేసుకుంటున్నారని కెప్టెన్ సాబ్ ముందురోజే చెప్పాడు.

ఆయన ఎనిమిదింటికి వచ్చాడు. చెప్పేశాను, రివెట్ ముక్క లోపల పోయిందని. చప్పుళ్ళ సంగతి చెప్పలేదు. నా భుజం మీద చెయ్యి వేసి మెల్లగా అడిగాడు.

"సత్యా, వేలి గోరంత ముక్క. నడిపేది నేను. నాకు పరవాలేదు అంటున్నాను. నువ్వేమంటావు?"

"ఎగరొచ్చని సంతకం పెట్టను సాబ్," అన్నాను.

నా భుజం మీంచి చెయ్యి తీసేశాడు. అరవలేదు. అరిచినా బాగుండేది.

తోక విప్పారు. విమానాలు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్ వచ్చి సన్నని కెమెరా తీగ లోపలికి పంపించి, తెర మీద అంగుళం అంగుళం చూశాడు. నలుగురం రెండు రోజులు వెతికాం. రివెట్ ముక్క దొరకలేదు. దొరికింది ఇంకొకటి. నేను తీసిన రివెట్ వెనక చట్రంలో... వెంట్రుకలాంటి గీత. రంగు గోకి చూస్తే గీత కాదు, పగులు. నా వేలంత పొడవు. రెండు మూడుసార్లు గట్టిగా మలుపు తిప్పితే నిలువు రెక్క ఊడిపోయేదని ఇన్‌స్పెక్టర్ అన్నాడు. కెప్టెన్ సాబ్ అక్కడే నేల మీద కూలబడ్డాడు, ఒంటి మీది పొడుగు తెల్ల తోబు మట్టి అవుతున్నా చూసుకోకుండా.

విమానం ఎగరలేదు. ఆ చట్రం ఇప్పుడు ఎవరూ తయారుచేయడం లేదట. జనంలో కొందరు డబ్బు వెనక్కి అడిగారు. కొందరు మోసం అని రాశారు. పేజీ మూసేశారు. కెప్టెన్ సాబ్ నాతో మాట్లాడడం మానేశాడు. ప్రాణం కాపాడానని ఆయనకి తెలుసు... అయినా మానేశాడు.

ఇన్‌స్పెక్టర్ నన్ను కూర్చోబెట్టి ఫారం నింపాడు. అంత మంచి రివెట్ ఎందుకు తీశావని అడిగాడు. కాగితాల్లో అది బాగున్నట్టే ఉంది, కింద నా సంతకమే ఉంది. తల వంకరగా అనిపించిందని చెప్పాను. అలాగే రాసుకున్నాడు.

ఒక్క మాట మీకు ఇంతవరకూ చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. ఖాజా ఆఖరిరోజు సాయంత్రం తోకలోంచి బయటికి వచ్చి, నా పక్కన కూర్చున్నాడు. నేను పనిముట్లు సర్దుతున్నాను. బయట బస్సు హారన్ కొడుతోంది.

"అన్నా, లోపట ఒకటి జూసిన..." అన్నాడు.

రేపు చెప్పు, బస్సు పోతుంది, అన్నాను. సరే అన్నా, అన్నాడు. బస్సులోనే ఛాతీ బరువుగా ఉందన్నది.

ఏం చూశాడు? పగులేనా? పగులే అయితే, ఆ సగం మాట నెల్లాళ్ళు నా తలలో నలిగి, ఆ రాత్రి నా చేత డ్రిల్లు పట్టించి ఉంటుంది. చప్పుళ్ళు రేకువే అయి ఉంటాయి. పిల్లే అయి ఉంటుంది. అలా అనుకుంటే కాస్త నిద్ర పడుతుంది. కానీ మూడు దెబ్బలూ నా చెవుల్తో విన్నాను... ఏమనుకోవాలో నాకు తెలీదు. మీకు తెలిస్తే చెప్పండి.

మొన్న ఖాజా భార్య ఫోన్ చేసింది. ఇన్నాళ్ళూ అడగాలని ఉన్నా, ధైర్యం చాలలేదట.

"ఆయన ఆఖరికి మీతోని ఏం మాట్లాడిండు భయ్యా?"

పని మాటలేనమ్మా, అన్నాను.

"ఇంకేమన్న చెప్పిండా?"

చెప్పబోయాడమ్మా, నేనే వినలేదు... అనాలి. నోరు రాలేదు. అటువైపు ఆమె ఊపిరి వినిపిస్తోంది. ఎదురుచూస్తోంది.

ఇంకేం చెప్పలేదమ్మా, అన్నాను.