ఎన్ని లీటర్లలో?

మా పెదనాన్న రోజూ పొద్దున్న టీ కప్పు చేతిలోకి తీసుకుని, తాగకుండా, మా పెద్దమ్మని ఒక ప్రశ్న అడుగుతాడు.

“చక్కెర ఎంతేశావు?”

“రెండు చెంచాలు.”

“ఎన్ని లీటర్లలో?”

పెళ్లయి ముప్ఫై రెండేళ్లు. అంటే ఈ ప్రశ్న పదకొండు వేలసార్లు దాటింది. మొదటి ఏడాది పెద్దమ్మ నవ్విందట. రెండో ఏడాది కప్పుతో కొలిచి చెప్పిందట. మూడో ఏడాది నుంచీ “తాగితే తాగండి, లేకపోతే మొక్కకి పోస్తాను” అంటోంది. పెదనాన్న తాగుతాడు.

ఆయన ఇనప సామాన్లకి తుప్పు వదలగొట్టి పూత వేసే ఫ్యాక్టరీలో కెమిస్టు. ఆమ్లాలూ క్షారాలూ ఆయనకి బంధువుల కంటే బాగా తెలుసు. ఆమ్లం ఎంత ఉందన్నది కాదు, ఎన్ని నీళ్లలో ఉందన్నదే ముఖ్యమని ఆయన నమ్మకం. అది ఫ్యాక్టరీ గేటు దగ్గరే వదిలేసి వచ్చి ఉంటే గొడవే లేకపోను. ఇంటికి కూడా తెచ్చుకున్నాడు.

ఒకసారి పక్కింటావిడ లబోదిబోమంటూ వచ్చింది. “చూడండన్నయ్యగారూ, మా ఆయన నన్ను వంద మాటలన్నాడు.”

“ఎన్ని లీటర్లలో?”

“ఆఁ?”

“అదేనమ్మా, ఎంతసేపట్లో? వంద మాటలు ఒక్క నిమిషంలో అంటే గాఢమైన తిట్టు. నెలరోజుల్లో అంటే మామూలు సంసారం.”

ఆవిడ కాసేపు వేళ్లు మడిచి లెక్కపెట్టుకుని, “మొన్న పండక్కి ముందు నుంచీ కలిపితే...” అంటూ ఇంటికి వెళ్లిపోయింది.

ఈ ప్రశ్నకి తడుముకోకుండా జవాబు చెప్పిన మనిషిని నేను ఒక్కరినే చూశాను. ఆయన డాక్టరు. “మీకు షుగర్ రెండొందల పది ఉందండీ” అన్నాడు. పెదనాన్న యథాప్రకారం “ఎన్ని లీటర్లలో?” అన్నాడు. డాక్టరు తల కూడా ఎత్తకుండా “డెసీలీటరుకి” అన్నాడు. అంతే. ఆ రోజు నుంచీ పెదనాన్నకి ఆ డాక్టరంటే ప్రాణం. ఇంటికొచ్చి జబ్బు సంగతి మర్చిపోయి, “ఏమి మనిషే! ఏమి మనిషే!” అని పెద్దమ్మకి వారం రోజులు చెప్పాడు. చక్కెర రెండు చెంచాల నుంచి అరచెంచాకి దిగింది గానీ ప్రశ్న దిగలేదు.

నేను ఎం.ఏ. సాహిత్యం పరీక్షలు రాసి, ఫలితాల కోసం రెండు నెలలు వాళ్లింట్లో ఉన్నాను. నాకు పుస్తకాలతో ఇబ్బంది లేదు, మనుషులతోనే. నలుగురి ముందు నోరు పెగలదు. ఇంటికొచ్చిన వాళ్లెవరైనా “ఎం.ఏ. అయ్యాక ఏం చేద్దామనమ్మా?” అని అడిగితే నా చెవులు వేడెక్కేవి, మాటలు గొంతులోనే కూర్చుండిపోయేవి. సరిగ్గా అప్పుడే పెదనాన్న పేపరు వెనక నుంచి “ఎన్ని లీటర్లలో?” అనేవాడు. అందరూ గొల్లున నవ్వేవాళ్లు. నాకు ఒళ్లు మండిపోయేది. నా పరువుకి సంబంధించిన మాట నడుస్తుంటే మధ్యలో ఈయన లీటర్లేమిటి!

“మీ పెదనాన్న మాటలు పట్టించుకోకే” అనేది పెద్దమ్మ. “నన్ను బలమైన ఆమ్లమంటాడు తెలుసా?”

“తిట్టు కాదే అది” అనేవాడు పెదనాన్న. “బలమైన ఆమ్లం నీళ్లలో పడగానే తన దగ్గరున్నదంతా విప్పేస్తుంది. దాచుకోదు. అందుకే దాని లెక్క ఎంతో సులువు. ఇదిగో, ఈ అమ్మలు ఉంది చూడు, బలహీనమైన ఆమ్లం. వందలో ఒకటి బయటపెడుతుంది. దీని లెక్క నావల్ల కాదు.”

నా చేతిరాత బాగుంటుందని పెదనాన్న నన్ను తన ల్యాబ్‌కి సీసాల మీద చీటీలు రాయడానికి తీసుకెళ్లాడు. మాట్లాడే పని లేదు కనక ఒప్పుకున్నాను. అక్కడ ఇంకొక అమ్మాయి ఉండేది, కొత్త కెమిస్టు. నాకంటే రెండేళ్లు పెద్ద. ఆరు నెలలు చూసి ఉద్యోగం ఖాయం చేస్తామన్నారు. ఆమె కంటే ముందు వచ్చిన ముగ్గురినీ ఆ ఆరు నెలల చివర్లోనే మేనేజరు ఇంటికి పంపేశాడు.

“నేను పోతే అన్నయ్య ఇంటికే పోవాలి” అంది ఒకరోజు నాతో. “వచ్చేటప్పుడు ‘మూణ్ణెల్లలో తిరిగొస్తావులే, నీ మంచం తియ్యం’ అన్నాడు. వదిన నవ్వింది. ఆ మంచం మీద మళ్లీ పడుకోను నేను.”

పెదనాన్న ఆమెకి పని నేర్పుతుంటే నాకూ చెవిన పడేది. బలమైన ఆమ్లానికి పీహెచ్ లెక్కకట్టడమంటే సున్నాలు లెక్కపెట్టడమే అనేవాడు. లీటరు నీళ్లలో ఆమ్లం పదివేలలో ఒక వంతుంటే నాలుగు సున్నాలు, పీహెచ్ నాలుగు. లక్షలో ఒక వంతయితే ఐదు. క్షారమైతే అలాగే లెక్కపెట్టి పద్నాలుగులోంచి తీసెయ్యడమే. ఏడు దగ్గర మంచినీళ్లు, దానికి దిగువన ఆమ్లం, ఎగువన క్షారం. వ్యాకరణం కంటే తేలిగ్గా ఉందే అనుకున్నాను.

ఆరో నెల చివరి శనివారం మేనేజరు ల్యాబ్‌కి వచ్చాడు. వెనకాల ముగ్గురు ఫిట్టర్లు. తుప్పు వదిలిన సామాన్లని ఒకదాని తర్వాత ఒకటిగా ఐదు నీళ్ల తొట్లలో కడుగుతారు. ఒక్కో తొట్టిలో ఆమ్లం ముందుదాని కంటే పదింతలు పలచబడుతుంది. ఒక్కో తొట్టి పీహెచ్ ఎంత ఉండాలో లెక్కకట్టి గోడకి పట్టిక పెట్టమని ఆమెకి చెప్పారు. ఆమె ఆ పొద్దున్నే పెట్టింది. చక్కటి అక్షరాలు, నావే.

మేనేజరు పైకి చదివాడు. “నాలుగు... ఐదు... ఆరు... ఏడు... ఎనిమిది?” ఆగాడు. “ఎనిమిదంటే క్షారం కదమ్మా? కడిగీ కడిగీ యాసిడ్‌ని సోడా చేసేశావా?”

ఫిట్టర్లు నవ్వారు. కొత్త కెమిస్టు పట్టిక వైపు చూసింది. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. ఆ ఎరుపు నాకు బాగా తెలుసు.

“దీన్ని నమ్మి మనవాళ్లు క్షారం తగ్గించాలని ఆఖరి తొట్టిలో యాసిడ్ పోస్తే సరుకు ఏమవుతుంది? చెప్పు. ఎందుకు రాశావు ఎనిమిదని?”

ఆమె వేళ్ల మీద సున్నాలు మళ్లీ లెక్కపెట్టుకోసాగింది.

“ఎన్ని లీటర్లలో?” అన్నాడు పెదనాన్న.

మేనేజరు వెనక్కి తిరిగాడు. “ఏంటి మాస్టారూ?”

“ఆఖరి తొట్టి. ఎన్ని లీటర్లది?”

“రెండు వేలు! పాతికేళ్లుగా దాని పక్కన నిలబడే కదా టీ తాగుతున్నారు!”

“అంచుదాకానా, గీతదాకానా?”

“గీతదాకా!”

“ఆ గీత ఎవరు గీశారు? నాకెందుకో అది రెండువేల వంద అనిపిస్తుంది. టేపు ఉందా ఎవరి దగ్గరన్నా?”

“మాస్టారూ, ఇప్పుడా?”

“లీటర్లు తెలీకుండా లెక్కేంటి సార్? పదండి పదండి, రెండు నిమిషాల పని.”

ఒక ఫిట్టరు నవ్వాపుకోలేక టేపు తీశాడు. పెదనాన్న ఆ టేపు కొస పట్టుకుని ముందు నడిచాడు, రెండో కొస పట్టుకుని మేనేజరు తల కొట్టుకుంటూ వెనక నడిచాడు. కాసేపటికి బయట నుంచి “వంగండి సార్, ఇంకొంచెం వంగండి” అని పెదనాన్న గొంతూ, పకపకా నవ్వులూ వినిపించాయి.

ల్యాబ్‌లో మేమిద్దరమే మిగిలాం. ఆమె కుర్చీలో కూలబడింది.

“సున్నాలు సరిగ్గానే లెక్కపెట్టాను. పది కోట్లలో ఒక వంతు. ఎనిమిది సున్నాలు. చూడు నువ్వే.”

నాకేం తెలుస్తుంది? ఏదో ఒకటి అనాలి కనక, “మిగతాదంతా ఏముంటుంది అందులో?” అన్నాను.

“ఇంకేముంటుంది, నీళ్లే.” అని, ఒక్కసారిగా లేచింది. “అయ్యో, నీళ్లు! నీళ్లని మర్చిపోయాను!”

వట్టి నీళ్లలో కూడా కోటిలో ఒక వంతు ఆమ్లపు గుణం ఉంటుందట. తొట్టిలో ఆమ్లం చాలా ఉన్నప్పుడు దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఆమ్లం అంతకంటే పలచబడ్డాక మాత్రం నీళ్ల వాటానే పెద్దది. ఆమె గబగబా రెండూ కలిపి లెక్కకట్టింది. నాలుగో తొట్టి ఆరు పాయింట్ ఏడు తొమ్మిది. ఐదోది ఆరు పాయింట్ తొమ్మిది ఎనిమిది. ఏడుని దాటలేదు.

నేను పాత అంకెల మీద కొత్త చీటీలు అతికిస్తుంటే ఆమె పెన్ను పట్టుకుని అలా నిలబడిపోయింది.

“ఒక సంగతి చెప్పనా?” అంది. “ఈ లెక్కకి తొట్టి ఎన్ని లీటర్లైతే ఏంటి? లీటరుకి ఎంతో తెలిశాక చెంబైనా చెరువైనా పీహెచ్ ఒకటే. సార్‌కి అది తెలీదా?”

ఇద్దరం తలుపు వైపు చూశాం. బయట పెదనాన్న, “గీత కరెక్టేనండీ, రెండు వేలే. నేనే పొరపాటు పడ్డాను” అంటున్నాడు.

వాళ్లు లోపలికొచ్చేసరికి మేనేజరు మోకాళ్లు తడిసి ఉన్నాయి, ముఖం మీద ఇంకా నవ్వు ఉంది. కొత్త కెమిస్టు తనే మొదలుపెట్టింది. “తప్పు రాశాను సార్. ఆమ్లాన్ని మాత్రమే లెక్కేశాను. నీళ్ల వాటా కలపలేదు. ఎంత పలచన చేసినా యాసిడ్ యాసిడ్‌గానే ఉంటుంది, ఏడు దగ్గరికి వస్తుంది గానీ దాటదు.” మేనేజరు మరో మూడు ప్రశ్నలు అడిగాడు. క్షారాన్ని అలాగే పలచన చేస్తే ఏమవుతుందన్నాడు. “పైనుంచి ఏడు దగ్గరికి దిగుతుంది సార్, కిందికి పోదు” అంది. ఆయన జేబులోంచి ఆమె ఉద్యోగం ఖాయం చేసే కాగితం తీసి సంతకం పెట్టాడు.

బస్సులో ఇంటికి వస్తుంటే అడిగాను. “పెదనాన్నా, ఇవాళ నువ్వు అడిగింది తప్పు ప్రశ్న కదూ?”

“పరీక్షలో అయితే సున్నా వేస్తారు.”

“మరి నువ్వే చెప్పెయ్యొచ్చుగా, నీళ్లు మర్చిపోయావని?”

“చెప్తే అది నా లెక్క అయ్యేది. ఆ అమ్మాయికి లెక్క రాక కాదుగా, గాలి ఆడక.” అని కిటికీ అద్దం కిందికి దించాడు.

నేను ఇంటికొచ్చే చుట్టాల్ని గుర్తు చేసుకున్నాను. వాళ్లు నా వైపు నుంచి తల తిప్పి, పెదనాన్నని చూసి గొల్లున నవ్వడం. ఆ నవ్వు అయ్యేలోపు నాకు ఏదో ఒక మాట దొరకడం. ఒక్కసారి కాదు, ప్రతిసారీ. అన్నిసార్లూ దయే అని చెప్పను. టీ చక్కెర విషయంలో అది ఉత్త చాదస్తం, అందులో నాకూ పెద్దమ్మకీ ఏ అనుమానమూ లేదు.

పెదనాన్న పోయినేడు రిటైరయ్యాడు. ఇప్పుడు ల్యాబ్‌కి ఆ అమ్మాయే పెద్ద. ఈయన వారానికి మూడు రోజులు వెళ్లి ఆమె కింద పని చేస్తున్నాడు. ఈ నెల రెండుసార్లు ఆలస్యంగా వచ్చాడని ఆమె రిజిస్టర్లో ఎర్రసిరాతో రాసింది.